హార్మోనియం పట్టుకుని ఐనవోలు దాకా: రెండు రోజుల పాటల ప్రయాణం ఎలా వేసుకోవాలి

భజన మండలిలో హార్మోనియం పెట్టె వాయించే వాళ్లకు ఒక చిక్కుంది. ఏళ్ల తరబడి అవే గొంతులు, అవే పాటలు, అదే శృతి. చెయ్యి దానంతటదే పోతుంటుంది. వేరే ఊరి గొంతు పక్కన కూర్చుంటే తప్ప మనకు ఏం వచ్చో ఏం రాదో తెలియదు.

ఇంగ్లండ్‌లో కన్సర్టీనా అని ఒక చిన్న వాయిద్యం ఉంది. ఆరు పలకల పెట్టె, రెండు చేతుల మధ్య తిత్తి సాగదీస్తూ బొత్తాలు నొక్కుతారు. దాన్ని వాయించేవాళ్లు శని, ఆదివారాల్లో ఏదో ఒక ఊళ్లో చేరి జానపదాలు వాయించుకుంటారు. దాన్ని తయారు చేసింది చార్లెస్ వీట్‌స్టన్. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో మనల్ని ఏడిపించిన వీట్‌స్టన్ బ్రిడ్జ్ ఉంది చూడండి, ఆ వీట్‌స్టనే. లోపల గాలికి కదిలే ఇత్తడి, ఉక్కు రీడ్ల లెక్కన చూస్తే అది మన హార్మోనియానికి దగ్గరి చుట్టమే. మన దగ్గర హార్మోనియం వాళ్ల కోసమే పెట్టే అలాంటి కూడిక నా ఎరుకలో లేదు. కానీ జాతరలు ఉన్నాయి, శనివారం రాత్రి భజనలు ఉన్నాయి. ఈ రెండూ కలిపి కుట్టుకుంటే సరిపోతుంది. హన్మకొండలో ఉంటూ ఇలా చాలాసార్లు వెళ్లొచ్చాను కాబట్టి, ఎలా వేసుకోవాలో వరసగా చెబుతాను.

ముందు తేదీ చూసుకోండి

ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది. ఊరు వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే రోడ్డు వైపు, దాదాపు 20 కిలోమీటర్లు. భోగి, సంక్రాంతి, కనుమ రోజుల్లో మాత్రం పెట్టె పట్టుకుని వెళ్లకండి. ఆ మూడు రోజులు మనిషి నిలబడడానికే చోటుండదు. మహాశివరాత్రికి పెద్దపట్నం, అంటే నేల మీద పెద్ద రంగుల ముగ్గు, వేస్తారు. అది చూసి తీరాల్సిందే, కానీ ఉత్త చేతులతో వెళ్లి చూడండి. వాయించాలనుకునే వాళ్లకు మంచి సమయం సంక్రాంతి జనం తగ్గాక, జనవరి చివర నుంచి ఫిబ్రవరి ఆఖరు లోపు ఏదో ఒక మామూలు ఆదివారం. మార్చి వచ్చిందంటే ఎండ ముదురుతుంది, మధ్యాహ్నం పెట్టె మీద చెయ్యి ఆనదు.

కొమురవెల్లి మల్లన్న దగ్గరికి వెళ్దామా అని అడుగుతారు. వెళ్లొచ్చు. అక్కడ కూడా సంక్రాంతి నుంచి ఉగాది దాకానే జాతర. అయితే సంక్రాంతి తర్వాత వచ్చే పట్నం వారం, లష్కర్ వారం వదిలేయండి. పట్నమంటే హైదరాబాద్, లష్కరంటే సికింద్రాబాద్, పేర్లలోనే ఉంది, ఆ ఆదివారాలు హైదరాబాద్, సికింద్రాబాద్ మొత్తం అక్కడే ఉంటుంది. ఇక మేడారం. రెండేళ్లకోసారి మాఘంలో నాలుగు రోజులు. ఆ దుమ్ములో, ఆ జనంలో హార్మోనియం తీసుకెళ్లడమంటే పసిపిల్లను ఎత్తుకుని రైలు పైకప్పు మీద ప్రయాణం చేసినట్టే. సమ్మక్క, సారలమ్మ అమ్మవార్లకు బంగారం, అంటే బెల్లం, మొక్కుకుని రండి, పెట్టె ఇంట్లో పెట్టి వెళ్లండి.

గది కంటే ముందు మనిషిని వెతకండి

చాలామంది మొదట లాడ్జి బుక్ చేసుకుంటారు, తర్వాత ఎక్కడ వాయించాలా అని చూస్తారు. తిరగేసి చేయండి. ఈ చుట్టుపక్కల చాలా ఊళ్లలో శనివారం రాత్రి హనుమాన్ గుడి దగ్గర భజన ఉంటుంది. అందులో ఒక్క భజనకు మిమ్మల్ని రమ్మంటే మీ ప్రయాణం సగం కుదిరినట్టే.

ఎవర్ని అడగాలి? పెద్ద పెద్ద కళాకారుల నంబర్ల కోసం తిరగక్కర్లేదు. ఏ ఊళ్లో ఏ రాత్రి ఎవరు పాడుతున్నారో అందరికంటే బాగా తెలిసింది సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే వాళ్లకు, టెంట్ హౌస్ వాళ్లకు. వాళ్ల తర్వాత హార్మోనియం బాగుచేసే వాళ్లు. రీడు మార్పించుకోవడానికి వచ్చిన ప్రతి మండలి వాళ్లకు తెలిసినదే. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. కథల గురించి, కులపురాణాల గురించి చదువుకోవాలంటే అక్కడికి వెళ్లాలి. శనివారం రాత్రి భజన ఎక్కడ అని అడగాలంటే మాత్రం టెంట్ హౌసే మేలు.

ఫోన్ చేసినప్పుడు పొడుగు పరిచయాలు వద్దు. "అన్నా, మేం ముగ్గురం పెట్టె వాయిస్తం. శనివారం మీ భజనకు వచ్చి కూసుంటం, అవకాశం ఇస్తే రెండు పాటలకు వాయిస్తం" అనండి, చాలు. ప్రోగ్రాం ఇస్తాం అని మాత్రం అనకండి. ప్రోగ్రాం అన్నారంటే వాళ్లు స్టేజీ, మైకు, శాలువా దాకా వెళ్లిపోతారు, పాపం వాళ్లకు ఖర్చు, మీకు మొహమాటం. ముగ్గురు నలుగురికి మించి వెళ్లొద్దు. నాలుగు పెట్టెలు ఒక గుడి అరుగు మీద పడితే పాడేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?

ఏ పెట్టె, ఎలా కట్టాలి

ఇంట్లో రెండు పెట్టెలుంటే తేలికది తీసుకెళ్లండి. స్కేల్ చేంజర్ ఉన్నవాళ్లకు అది తీసుకెళ్లాలని మహా సరదా. శృతి మారినప్పుడు మెట్ల వరుస జరిపేసుకుంటే వేళ్లు మార్చక్కర్లేదు కదా అని. కానీ అది బరువు, లోపల కదిలే భాగాలు ఎక్కువ, గతుకుల్లో ఆటో ఎగిరిందంటే ఎక్కడో ఒక మెట్టు దిగిపోతుంది. మూడున్నర స్థాయిల మామూలు పెట్టె, 42 మెట్లది, ఈ పనికి భేషుగ్గా సరిపోతుంది. ఒక మెట్టు నొక్కితే ఇంకో స్థాయిలోని అదే స్వరాన్ని కూడా పలికించే కప్లర్ ఉంటే బిగించి వదిలేయండి, ప్రయాణంలో దాన్ని కదిలించొద్దు.

బయలుదేరే ముందు వారం రోజుల్లో ఒకసారి ప్రతి మెట్టూ నొక్కి చూడండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని ఆరో శృతి (ఇంగ్లీషులో A) షడ్జమం, అంటే స, 440 దగ్గర ఉందా లేదా చూసి కాగితం మీద రాసుకోండి. ఎందుకంటే మీది 440 దగ్గర, పక్కవాళ్లది 443 దగ్గర ఉంటే, ఇద్దరూ ఒకే స్వరం పట్టినప్పుడు ధ్వని సెకనుకు మూడుసార్లు ఊగుతుంది. వినేవాళ్లకు కారణం తెలియదు గానీ చెవి చికాకు పడుతుంది. అక్కడ దానికి మందు ఒక్కటే: ఒక పాట మీరు, ఒక పాట వాళ్లు. రీడు గీకి సరిచేద్దామని అక్కడికక్కడ పిన్నీసు పట్టుకోకండి. ఒకసారి గీకిన ఇత్తడి మళ్లీ రాదు.

కట్టడం ఇలా. తిత్తి మూసి కొక్కెం వేయండి. మెట్ల మీద ఒక మెత్తటి నూలుబట్ట పరచి పై మూత దించండి. మొత్తాన్ని పాత చద్దరులో చుట్టి సంచిలో పెట్టండి. సంచిలో వీటికి చోటు ఉంచండి: చిన్న స్క్రూడ్రైవర్, మెత్తటి బ్రష్, రెండు సన్నటి కాగితం ముక్కలు, ఇంకో పెద్ద నూలుబట్ట. ఆ పెద్ద బట్ట ఎందుకో ఆదివారం దగ్గర చెబుతాను. కారులో వెళ్తే డిక్కీలో పెట్టి ఎండలో ఆపి టిఫిన్‌కు పోకండి, లోపలి తోలు, జిగురు రెండూ దెబ్బతింటాయి.

రైలా, బస్సా

సికింద్రాబాద్ నుంచి కాజీపేట 132 కిలోమీటర్లు, ఎక్కువ రైళ్లకు రెండు, రెండున్నర గంటలు. హన్మకొండలో బస అయితే కాజీపేటలో దిగండి. వరంగల్ స్టేషన్ ఇంకో 10 కిలోమీటర్లు. అన్ని రైళ్లూ రెండు చోట్లా ఆగవు, టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోండి. మంచిర్యాల, రామగుండం వైపు నుంచి వచ్చేవాళ్లకు కూడా కాజీపేట లైనే. సామాను లెక్క గురించి టెన్షన్ అక్కర్లేదు, స్లీపర్‌లో 40 కిలోలు, సెకండ్ క్లాసులో 35 కిలోల దాకా ఉచితమే. పెట్టెను పై బెర్తు మీద పెట్టకుండా సీటు కింద, మెట్లున్న వైపు పైకి వచ్చేలా పెట్టుకోండి.

కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకు బస్సే సుఖం. హైదరాబాద్ నుంచి అయితే ఉప్పల్‌లో ఎక్కొచ్చు. తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్‌కు డబ్బులు లేవు, ఆధార్ పట్టుకెళ్తే చాలు. బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకోవడం కష్టమే గానీ, వెనక చక్రం మీది సీట్లో కూర్చుని కింద పెట్టడం అంతకంటే నష్టం. ముందు వైపు సీటు పట్టండి.

బస హన్మకొండ బస్టాండు చుట్టుపక్కల దొరుకుతుంది. గది తీసుకునేటప్పుడు ఒక్కటే అడగండి, రాత్రి పన్నెండు దాటాక వస్తే గేటు తీస్తారా అని. ఒకసారి భజన ముగించుకుని ఒంటిగంటకు వస్తే మేం దిగిన లాడ్జిలో గేటు తీసే దిక్కు లేదు. హార్మోనియాలు మధ్యలో పెట్టుకుని బస్టాండులో తెల్లారే దాకా కూర్చున్నాం. ఇద్దరు ప్రయాణికులు వచ్చి, పాడతారా అని చిల్లర కూడా తీశారు.

శనివారం రాత్రి: పెట్టె ఆలస్యంగా తెరవండి

అసలు సంగతి ఇక్కడే. దీనికోసమే మిగతాదంతా.

ముందు వాయిద్యాల లెక్క తెలుసుకోండి. ఒగ్గుకథకు హార్మోనియం అక్కర్లేదు. డోలు, తాళాలు, ఒగ్గు అనే చిన్న డమరుకం, గొంతు, వెనక వంతలు, అంతే. జనగామ వైపు చుక్క సత్తయ్య గారి కథ విన్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లనడగండి, డోలు ఒక్కటే జనాన్ని తెల్లారే దాకా ఎలా కూర్చోబెట్టిందో చెబుతారు. చిందు యక్షగానంలో మాత్రం మద్దెల, తాళాలతో పాటు మన పెట్టె ఉంటుంది. జనగామ జిల్లాకే చెందిన గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది చిందు యక్షగానానికే. భజనలో సరేసరి, పెట్టె లేనిదే మొదలు కాదు. అంటే మనం వాయించే చోటు భజన. చిందు ఉంటే వాళ్ల హార్మోనిస్టు వెనక కూర్చుని వేళ్లు చూడాలి. ఒగ్గు దగ్గర పెట్టె తెరవనే వద్దు, చెవులు తెరిస్తే చాలు.

భజనలో కూర్చున్నాక మొదటి రెండు మూడు పాటలు వాయించకండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, అవసరం కోసం చెబుతున్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు నేను కూర్చోగానే పెట్టె తెరిచి, మా మండలి అలవాటు ప్రకారం ఒకటిన్నర శృతిలో షడ్జమం పట్టేశాను. పాడాల్సిన ముసలాయన తాళాలు ఒళ్లో పెట్టుకుని నా వైపు చూస్తూ ఊరుకున్నాడు. నేను శృతి ఇస్తున్నాననుకుని ఇంకా గట్టిగా తిత్తి కొట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపి, "పెట్టె నీదే గని పాట నాది బిడ్డా. నా గొంతు కాడికి నువ్వు రావాలె" అన్నాడు. అని ఏ ఆధారం లేకుండా ఎత్తుకున్నాడు. నాలుగో శృతి. ఒకటిన్నర ఎక్కడ, నాలుగు ఎక్కడ! నాకు నాలుగులో వేళ్లు పడలేదు. ఆ పాటంతా షడ్జమం, పంచమం పట్టుకుని కూర్చున్నాను. చిత్రం ఏమిటంటే, ఆ రాత్రి నేను బాగా వాయించిన పాట అదే అని మా వాళ్లు అన్నారు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది, మీరూ చేసి చూడండి. ఇంటి దగ్గరే మీకు బాగా వచ్చిన నాలుగు పాటలను ఒకటిన్నర, నాలుగు, ఐదున్నర, ఈ మూడు శృతుల్లో సాధన చేయండి. ఆడవాళ్ల గొంతులకు చివరిది పనికొస్తుంది. అక్కడ పాట మొదలయ్యాక, పల్లవి చివర గొంతు ఎక్కడ వచ్చి ఆగుతోందో వినండి. అదే చాలావరకు షడ్జమం. మధ్య స్థాయిలో ఒక్క మెట్టు, మీకు మాత్రమే వినబడేంత మెల్లగా నొక్కి చూసుకోండి. తప్పయితే పక్క మెట్టు. అన్ని మెట్లూ తడుముతూ వెతకడం ఉంది చూడండి, అది చీకట్లో చెప్పులు వెతుకుతూ అందరి కాళ్లూ తొక్కినట్టు ఉంటుంది. షడ్జమం దొరికాక దాన్ని పట్టి ఉంచండి, రెండో చరణం దాకా అంతకంటే ఏమీ చేయకండి.

మన పెట్టెకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య దానికి దారి లేదు. గొంతు జారుతుంది, ఊగుతుంది, పెట్టె గెంతుతుంది. గమకం పలకదన్న ఇలాంటి కారణాలతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని బయటపెట్టి 30 ఏళ్లు లోపలికి రానివ్వలేదు. ఆ నిషేధం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ పల్లె గొంతు పక్కన కూర్చున్నప్పుడు వాళ్లు ఎందుకలా అనుకున్నారో అర్థమవుతుంది. పాడేవాళ్లు గాంధారం నుంచి మధ్యమానికి పాకుతుంటే మీరు రెండు మెట్లూ టకటకా నొక్కితే ఆ పాకుడు చచ్చిపోతుంది. అక్కడ చెయ్యి తీసేయండి. వాళ్లు మధ్యమం మీద నిలిచాక మళ్లీ కలవండి.

పలహారాల సంగతి కూడా చెప్పాలి. సంక్రాంతి తర్వాత రోజులు కాబట్టి ఏ ఇంటికి వెళ్లినా సకినాలు పెడతారు. తినకుండా ఉండలేం, ఉండకూడదు. కానీ పెట్టె మూసి తినండి. సకినంలోని ఒక్క నువ్వు గింజ రెండు మెట్ల మధ్య పడిందంటే నొక్కిన మెట్టు పైకి లేవదు, ఆ స్వరం కూత పెడుతూనే ఉంటుంది. మంగళహారతి మధ్యలో మా మిత్రుడికి సరిగ్గా ఇదే జరిగింది. నూనె చేతులు తుడుచుకోవడానికి విడిగా ఒక రుమాలు ఉంచుకోండి, మెట్ల మీద పరిచే బట్టకు తుడవకండి.

ఆదివారం: జాతరలో

పొద్దున్నే, ఆరు ఏడు మధ్యలో ఐనవోలు చేరండి. వరంగల్, హన్మకొండల నుంచి బస్సులుంటాయి, ఆటోలూ వస్తాయి. దర్శనం ముందు చేసుకుని, పెట్టెలను మనలో ఒకరి దగ్గర ఎక్కడైనా నీడలో ఉంచి, వంతుల వారీగా తిరగండి. గుడి ఆవరణలో, చెట్ల కింద ఒగ్గు పూజారులు పట్నాలు వేస్తుంటారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడితో నేల మీద ముగ్గు పరుస్తూ మల్లన్న కథ చెబుతారు. మొక్కు ఉన్న కుటుంబం చుట్టూ కూర్చుంటుంది. అది వాళ్ల పూజ. మనం ఆ చుట్టు బయట నిలబడి వినాలి. ఎదురుగా నిలబడకండి, డోలు కొట్టేవాళ్ల వెనకగా నిలబడితే కథ చెప్పే మనిషి వాక్యాన్ని ఎక్కడ వదులుతున్నాడో, డోలు ఎక్కడ అందుకుంటోందో బాగా తెలుస్తుంది. హార్మోనియం వాళ్లం స్వరం మీదే ధ్యాస పెట్టి లయను వదిలేస్తాం, ఆ జబ్బుకు ఇదే వైద్యం.

ఇప్పుడు ఆ పెద్ద నూలుబట్ట గురించి. మల్లన్న దగ్గర బండారి, అంటే పసుపు, చల్లుకుంటారు. నుదుటికి పెడతారు, గాలిలోకి ఎగరేస్తారు, ఒంటి మీదికి దేవుడు వచ్చే శివసత్తులు ఊగేటప్పుడు అక్కడంతా పచ్చటి పొగలా ఉంటుంది. ఒక ఏడాది నేను చెట్టు కింద కూర్చుని, ఎవరో పెద్దమనిషి అడిగాడని రెండు పదాలు వాయించాను. తిత్తి కొట్టిన ప్రతిసారీ పెట్టె బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది కదా, ఆ గాలిలో ఉన్న బండారి మొత్తం లోపలికి పోయింది. సాయంత్రానికి మధ్య స్థాయిలో రిషభం మూగపోయింది, ధైవతం బొంగురు పోయింది. అందుకని గుడి ఆవరణలో పెట్టె తెరవొద్దు. సంచిలో ఉన్నా సరే ఆ బట్ట దాని చుట్టూ చుట్టి ఉంచండి. వాయించాలని మరీ ఉంటే ఊరి బయట, జనం దిగి వంటలు చేసుకునే చోట, గాలి వాటం చూసుకుని కూర్చోండి.

వీడియో తీసేముందు అడగండి. "తాతా, తీసుకోవచ్చా" అంటే చాలామంది కాదనరు. శివసత్తులను మాత్రం తీయకండి, పూనకంలో ఉన్న మనిషిని అడగలేం కదా. కథ విన్నాక చదివింపులు ఇచ్చేది ఉంటుంది. పళ్లెంలో వేయండి, చేతికిస్తే రెండు చేతులతో ఇవ్వండి. పేరు, ఊరు అడిగి కథ మధ్యలో దీవిస్తారు. ముగ్గురు కలిసి ఒక్క నోటు ఇచ్చి సరిపెట్టడం బాగుండదు.

సోమవారం కూడా సెలవు దొరికితే రామప్ప వెళ్లిరండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. అక్కడ వేణుగోపాలుడి శిల్పాన్ని తడితే సరిగమలు పలుకుతాయని గైడ్లు చూపిస్తారు. మీరు తట్టకండి, ఇప్పటికే తట్టీ తట్టీ నున్నగా అయిపోయింది. సెలవు లేకపోతే బాధపడక్కర్లేదు, ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి సాయంత్రం రైలు పట్టుకోండి.

ఇంటికి వచ్చాక

అలసటగా ఉంది కదా అని పెట్టెను వారం రోజులు మూల పెట్టకండి. మరునాడే పై మూత, తర్వాత రీడ్ల పలక మరలు విప్పి, ఏ మర ఎక్కడిదో ఒక కాగితం మీద వరసగా అంటించి ఉంచండి. పలకను తలకిందులుగా పట్టుకుని మెత్తటి బ్రష్‌తో ఒకే వైపుకు, రీడు బిగించి ఉన్న చివర నుంచి కదిలే చివరకు, దులపండి. అడ్డంగా తోమితే రీడు నాలుక వంగుతుంది. మూగపోయిన రీడు ఉంటే సన్నటి కాగితం ముక్కను నాలుక కిందికి జరిపి, మెల్లగా లాగండి. నోటితో ఊదొద్దు, ఉమ్మి తడి ఇత్తడికి పనికిరాదు. కింద తెల్ల కాగితం పరిచి దులిపితే ఎంత దుమ్ము మోసుకొచ్చారో కనబడుతుంది. నా దాంట్లో ఆ ఏడాది అర చెంచా పసుపు రాలింది. మా ఆవిడ దాన్ని పారేయనివ్వలేదు, మల్లన్న బండారి అని కాగితంలో పొట్లం కట్టి దేవుడి అర్రలో పెట్టింది.